2017 హోండా సిటీ, మీటర్ మీద 42 వేలు, 6.40 లక్షలు అడుగుతున్నారు - రేటు కరెక్టేనా? రీడింగ్ నమ్మొచ్చా?

ఖమ్మం_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఫస్ట్ కారు కొంటున్నా, సెకండ్ హ్యాండే. సెడానే కావాలి, ఎందుకంటే మాకు నెలకోసారి హైదరాబాద్ పోయి రావాలి, అక్క వాళ్ళింటికి పోయేటప్పుడు అమ్మ బియ్యం బస్తా, పచ్చళ్ళు, ఇంకా ఏవేవో ఎక్కిస్తది, చిన్న కారు డిక్కీలో పట్టవు. బడ్జెట్ 6 లక్షలు, మరీ బాగుంటే ఇంకో పాతిక వేలు లాగుతా.

రెండు బండ్లు చూసిన. ఒకటి హోండా సిటీ పెట్రోల్ మాన్యువల్, 2017 డిసెంబర్ రిజిస్ట్రేషన్, సెకండ్ ఓనర్, మీటర్ 42 వేలు, హైదరాబాద్‌లో ఉంది, 6.40 చెప్తున్నారు. పెయింట్ మెరిసిపోతోంది, లోపల కూడా నీట్‌గా ఉంది. ఇన్సూరెన్స్ అయిపోయి నాలుగు నెలలైందట.

రెండోది మారుతి సియాజ్ డీజిల్ 2016, ఎస్‌హెచ్‌వీఎస్ (ఇంజిన్‌కి కొంచెం సాయం చేసే మారుతి చిన్న హైబ్రిడ్ సిస్టమ్) ఉన్నది, సింగిల్ ఓనర్, మా ఊళ్ళోనే, ఒక రిటైర్డ్ సార్‌ది. 98 వేలు తిరిగింది, 5.10 చెప్తున్నారు. ఆయన దగ్గర సర్వీస్ బిల్లులన్నీ ఒక ఫైల్‌లో ఉన్నయి. కానీ 98 వేలు అనగానే ఇంట్లో అందరూ వద్దంటున్నారు, లక్ష దాటితే ఇంజిన్ పని వస్తదని బాబాయ్ ఒకటే గోల.

నా వాడకం రోజుకి ఆఫీసుకి రానుపోను 12 కిలోమీటర్లు, హైదరాబాద్ ట్రిప్ కలిపి నెలకి 800 దాకా వస్తది. మైలేజ్ ఎంత వస్తది, రేటు ఎక్కడ ఆపాలి, అసలు 42 వేలు నిజమేనా ఎలా కనుక్కోవాలి? తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతబండ్ల_పిచ్చోడు:

తమ్ముడూ ముందు ఒకటి చెప్తా, ఎవడైనా రీడింగ్ తక్కువ ఉందని రేటు ఎక్కువ అడిగితే ఆ రీడింగ్‌కి కాగితం చూపించమను, కాగితం లేకపోతే ఆ 42 వేలకి నువ్వు ఒక్క రూపాయి కూడా ఎక్స్‌ట్రా పెట్టక్కర్లేదు, అది మామూలుగా తిరిగిన బండి అనుకునే బేరమాడు. పర్సనల్ పెట్రోల్ బండి ఏడాదికి ఎనిమిది నుంచి పన్నెండు వేలు తిరగడం మామూలు. 2017 డిసెంబర్ బండి 42 వేలే తిరిగిందంటే ఏడాదికి ఐదు వేల చిల్లర. జరగదని కాదు, 2020లో లాక్‌డౌన్, తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ అని చాలా బండ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనే దుమ్ము పట్టాయి, అలాంటివి నిజంగానే దొరుకుతాయి. కానీ మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు స్పానర్ పని కాదు, ల్యాప్‌టాప్ పెట్టి కాసేపట్లో కానిచ్చేస్తారు, డిజిటల్ మీటర్ కదా తిప్పలేరు అనుకునే రోజులు పోయాయి.

మా కజిన్ కోసం ఒక వెర్నా చూడ్డానికి వెళ్ళాం ఒకసారి, మీటర్ మీద 39 వేలు. సీటు కవర్లు కొత్తవి, స్టీరింగ్‌కి కొత్త కవర్, ఫ్లోర్ మ్యాట్లు కొత్తవి. మావాడు ఫిదా. నాకు ఎందుకో అనుమానం వచ్చి మ్యాట్ పక్కకి లాగి క్లచ్ పెడల్ చూశా, రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా అయిపోయి, ఎడమ అంచున ఇనుము కనపడుతోంది. 39 వేలకి అలా అవ్వదు. తర్వాత బానెట్ ఎత్తి చూస్తే ఒక పైపుకి జిప్ టై తో కట్టిన చిన్న అట్టముక్క, ఆయిల్ మార్చినప్పుడు కడతారు చూడు అదే, నూనె మరకలు పట్టి పోయింది, తుడిచి చూస్తే నెక్స్ట్ ఆయిల్ చేంజ్ 92,500 అని పెన్నుతో రాసుంది. అమ్మేవాడు అన్నీ మార్చాడు, ఆ అట్ట ముక్క తియ్యడం మర్చిపోయాడు. అడిగితే అది వేరే బండిది అయ్యుంటుంది సార్ అన్నాడు, నవ్వాలో ఏడవాలో తెలీలా.

నువ్వు చెయ్యాల్సింది, ఓనర్‌ని తీసుకుని హోండా సర్వీస్ సెంటర్‌కి వెళ్ళు, లేదా ఆయన రిజిస్టర్డ్ ఫోన్ నంబర్‌తో హిస్టరీ తీయించమను. ఏడాదికోసారి లేదా పదివేలకోసారి సర్వీస్ కాబట్టి కనీసం ఏడెనిమిది ఎంట్రీలు ఉండాలి, ప్రతి ఎంట్రీలో కిలోమీటర్లు ఉంటాయి, ఆ అంకెలు మెట్టు మెట్టుగా పెరుగుతూ రావాలి. మధ్యలో రెండేళ్ళు ఖాళీ ఉంటే ఆ రెండేళ్ళలోనే ఏదో జరిగుంటుంది అనుకో. హిస్టరీ ఇవ్వను అంటే థాంక్స్ చెప్పి వచ్చెయ్.

డీజిల్_మామ:

బాబాయ్ మాట పక్కన పెట్టు బ్రో. సియాజ్‌లో ఉన్నది 1.3 ఫియట్ డిజైన్ డీజిల్, స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా అన్నిట్లో ఇదే తిరిగింది, కళ్ళు మూసుకుని విప్పే మెకానిక్‌లు ప్రతి ఊళ్ళో ఉన్నారు. టైంకి ఆయిల్ మార్చుకుంటూ వస్తే రెండు లక్షలు ఈజీగా కొడుతుంది. లక్ష దాటగానే ఇంజిన్ పని అనేది పాత అంబాసిడర్ కాలం లెక్క.

ఇక నీ మైలేజ్ లెక్క. కంపెనీ బ్రోచర్‌లో ఆ సియాజ్‌కి 28.09, ఆ సిటీకి 17.4 రాసుంటుంది, రెండూ ల్యాబ్‌లో తీసినవి, మన రోడ్ల మీద రావు. నేను చూసినంతలో సియాజ్ డీజిల్ ఊళ్ళో 17-18, హైవే మీద ఏసీ వేసుకుని 90లో పోతే 22-23 ఇస్తుంది. సిటీ పెట్రోల్ ఊళ్ళో 11-12, హైవేలో 16-17. నీ వాడకంలో సగం హైవే కాబట్టి డీజిల్ 20, పెట్రోల్ 14 వేసుకో. హైదరాబాద్ రేట్లు పెట్రోల్ 107, డీజిల్ 95 అనుకుంటే 800 కిలోమీటర్లకి పెట్రోల్ 6,100 చిల్లర, డీజిల్ 3,800. నెలకి 2,300 తేడా, ఏడాదికి 27 వేల పైన. కొనే రేటులో ఎలాగూ లక్షా ముప్పై వేలు తక్కువే. ఇంకేం కావాలి.

ఈ20 పెట్రోల్ సంగతి కూడా గుర్తుపెట్టుకో, ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, 20 శాతం కలిపితే మైలేజ్ ఎంతో కొంత పడుతుంది.

నిజాంపేట్_నాని:

@డీజిల్_మామ అన్నా లెక్క బానే ఉంది కానీ రెండో వైపు చెప్తలేవు. అదే డీజిల్‌లో ఇంజెక్టర్లో టర్బోనో పోయిందనుకో, ఏడాది మిగిలిన పైసలు ఒక్క బిల్లుల పోతయ్. క్లచ్ 98 వేల మీద ఎప్పుడు మార్చిండో అడగాలె, ఇప్పటిదాక మార్చకపోతే నీ నెత్తి మీదనే పడ్తది. ఎస్‌హెచ్‌వీఎస్ బండికి మామూలు బ్యాటరీ నడవది, దానికి తగ్గదే వెయ్యాలె, అది జర ఎక్కువ రేటు. ఇంకోటి, డీజిల్ బండి రోజుకి 12 కిలోమీటర్లు ఆఫీసుకి, అంటే ఒక్క పోతకి ఆరు, ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీస్ వస్తది. గది బండికి మంచిది కాదు.

నాకైతే అర్థం కానిది ఒకటి, 6.40 పెట్టి ఎనిమిదేళ్ళ బండి ఎందుకు భయ్? 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది కదా, కొత్త డిజైర్ బేస్ మోడల్ ఎక్స్ షోరూం ఆరు లక్షల చిల్లరకే వచ్చింది, ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్‌ల 5 స్టార్. ఆన్‌రోడ్‌కి ఇంకో లక్ష పైన అయితది, లోన్ పెట్టుకో. కొత్తయి తగ్గినంక కూడా పాత రేట్లు చెప్పేటోళ్ళు చానా మంది ఉన్నరు, యాడ్‌లు అప్పుడు పెట్టినయే ఇంకా మార్చలే.

ఖమ్మం_కుర్రోడు:

@నిజాంపేట్_నాని అన్నా లోన్ వద్దనుకున్నా, ఇంటి లోన్ ఇప్పటికే నడుస్తోంది. డిజైర్ బేస్ చూసిన కానీ ఆన్‌రోడ్ నా బడ్జెట్ దాటిపోతోంది, డిక్కీ కూడా చిన్నది. సిటీ, సియాజ్ రెండిట్లో 510 లీటర్లు, బస్తా పెట్టినా ఇంకా సూట్‌కేసులు పడతయి.

సిటీ ఓనర్‌కి ఫోన్ చేసిన. సర్వీస్ హిస్టరీ ఇస్తా అన్నడు, వాదించలేదు. టైర్లు మార్చలేదట, షోరూంలో వచ్చినవే అట. ఇది మంచిదేనా చెడ్డదా?

బెజవాడ_వీల్స్:

టైర్ల సంగతి రెండు వైపులా పనికొస్తుందండి. టైరు పక్కన ఓవల్ గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3817 అని ఉంటే 2017లో 38వ వారం. నాలుగు టైర్లు, స్టెప్నీ అన్నీ ఒకే కంపెనీవి, బండి తయారైన నెలకి దగ్గర్లోనివి అయి, గాడులు ఇంకా ఉంటే 42 వేలు నిజమే అనడానికి అదో గట్టి సాక్ష్యం, ఎందుకంటే కంపెనీ టైర్లు మామూలుగా నలభై యాభై వేలకి అయిపోతాయి. కానీ ఎనిమిదేళ్ళ రబ్బరు గాడులున్నా గట్టిపడిపోయి ఉంటుంది, వానలో బ్రేక్ పట్టదు, పక్కన చిన్న చిన్న పగుళ్ళు కూడా వచ్చేసి ఉంటాయి. మీరు కొన్న వారంలోనే మార్చాలి, పాతిక వేలు. అది రేటులోంచి కొట్టించండి. తక్కువ తిరిగిన బండికి ఇదే తలనొప్పి, ఇంజిన్ కుర్రది, రబ్బరు ముసలిది. బుష్‌లు, బెల్టులు, బ్యాటరీ, వైపర్లు అన్నీ వయసుని బట్టి పోతాయి.

ఇక మా ఊరి బాధ ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, అదే వానలకి మీ ఖమ్మంలో మున్నేరు కూడా పొంగింది కదా, మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ బండ్లు ఎక్కడికీ మాయమైపోలేదు. కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి వేరే ఊళ్ళలో అమ్మినవి బోలెడు. మీరు చూసే రెండు బండ్లూ ఆ టైంలో ఎక్కడున్నాయో అడగండి. అడిగితే చెప్పరు కాబట్టి చూడండి. సీట్ బెల్ట్ ఆఖరు దాకా లాగండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివర జానెడు ముక్క మీద బురద గీత ఉందేమో చూడండి, సీటు కవర్ మార్చినవాడు బెల్ట్ మార్చడు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో తుప్పు, ఇసుక ఉందా, సీటు కింద పట్టాలకి తుప్పు ఉందా చూడండి. లోపల అత్తరు వాసన గుప్పుమంటే ఎందుకు కొట్టారో ఆలోచించండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ కూడా అడగండి, నీళ్ళ బండి అయితే అక్కడ పెద్ద అంకె కనపడుతుంది.

పెయింట్ మెరిసిపోతోంది అన్నారు, ఎనిమిదేళ్ళ బండి అంత మెరిస్తే నాకు సంతోషం కన్నా అనుమానమే ముందొస్తుంది. బానెట్, డోర్ల బోల్టులకి స్పానర్ గుర్తులు ఉన్నాయా, అద్దాల మీద తయారీ సంవత్సరం అన్నిట్లో ఒకటేనా, డోర్ రబ్బరు లాగితే లోపల కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయా అని చూసుకోండి. బంపర్ పెయింట్ అయితే పర్లేదు, మన రోడ్ల మీద ఎవడి బంపర్ గీసుకోలేదు చెప్పండి. పిల్లర్ (డోర్ల మధ్య పైకప్పుని మోసే స్తంభం) కొట్టి అతికించి ఉంటే మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

పాతబండ్ల_పిచ్చోడు:

బెజవాడ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, బండి చూడ్డానికి వెళ్ళే ముందు ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని ఫోన్లో చెప్పు, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారని అడుగు. చల్లగా ఉన్నప్పుడే స్టార్టింగ్ ట్రబుల్, పొగ తెలిసేది. మైలేజ్ టెస్ట్ డ్రైవ్‌లో తెలీదు, డ్యాష్‌బోర్డ్ మీద ఆవరేజ్ 19 అని చూపిస్తే పొంగిపోకు, హైవే మీద ఒక రౌండు కొట్టి రీసెట్ చేసి చూపించే వాళ్ళున్నారు. కొన్నాక ట్యాంక్ ఫుల్ నుంచి ఫుల్ కి లెక్కేసుకుంటే అదే నిజం.

రేటు ఎలా కట్టాలి అన్నావు కదా, నేనైతే ఇలా చేస్తా. అదే సంవత్సరం, అదే వేరియంట్, పెట్రోల్ మాన్యువల్, మన స్టేట్ నంబర్ ఉన్నవి ఓ పది యాడ్‌లు చూసి బాగా ఎక్కువవి, అనుమానం వచ్చేంత తక్కువవి తీసేస్తా, మిగిలినవాటి మధ్య రేటు పట్టుకుంటా. అది అడిగే రేటు, అమ్ముడుపోయే రేటు కాదు, అందులోంచి పదో వంతు దాకా దిగుతుంది. ఆ తర్వాత బండి మీద వెంటనే పెట్టాల్సిన ఖర్చు తీసేస్తా. ఇన్సూరెన్స్ కంపెనీ ఐడీవీ (పాలసీలో బండికి కట్టే విలువ) చూసి రేటు కట్టమని కొందరు చెప్తారు కానీ ఐదేళ్ళ దాకే దానికో టేబుల్ ఉంటుంది, నాలుగు నుంచి ఐదేళ్ళ మధ్య 50 శాతం తరుగు, ఐదేళ్ళు దాటితే కంపెనీకి నీకు కుదిరిన అంకె, కాబట్టి ఎనిమిదేళ్ళ బండికి అది పెద్దగా ఉపయోగపడదు.

ఇన్సూరెన్స్ అయిపోయి నాలుగు నెలలు అన్నావు, మూడు నెలలు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, అసలు బోనస్ అనేది ఓనర్‌ది, బండితో పాటు నీకు రాదు, కాబట్టి దాని గురించి ఎక్కువ ఆలోచించకు. కానీ కొత్త పాలసీకి వాళ్ళు వచ్చి బండి చూసి ఫోటోలు తీసుకుంటారు, పూర్తి ప్రీమియం నీ మీదే. అది లేకుండా బండి ఖమ్మం దాకా నడిపావంటే మధ్యలో ఏదైనా అయితే నీ పని అంతే.

ఖమ్మం_కుర్రోడు:

అన్నలందరికీ చాలా థాంక్స్. ఆదివారం హైదరాబాద్ పోయి వచ్చిన, మా ఫ్రెండ్ ఒక మెకానిక్‌ని పట్టుకొచ్చిండు.

హిస్టరీ వచ్చింది. 2023 దాకా ప్రతి ఏడాది ఎంట్రీ ఉంది, చివరిది 36 వేల మీద, ఆ తర్వాత బయట చేయించిండట, రెండు బిల్లులు చూపిచ్చిండు, వాటి మీద కిలోమీటర్లు కరెక్ట్‌గానే పెరుగుతున్నయి. టైర్లు నాలుగూ 2017వే, పగుళ్ళు ఉన్నయి. పెడల్ రబ్బరు గీతలు బానే ఉన్నయి. ముందు బంపర్, ఎడమ ఫెండర్ పెయింట్ చేసిండ్రు, లోపల దెబ్బ ఏం లేదన్నడు మెకానిక్. ముందు సస్పెన్షన్‌లో టక్ టక్ సౌండ్ వస్తోంది, లింక్ రాడ్లు అన్నడు. సో 42 వేలు నిజమే అనిపిస్తోంది.

కానీ రెండు డౌట్లు. రిజిస్ట్రేషన్ 2017 డిసెంబర్ కానీ ఆర్సీలో తయారీ సెప్టెంబర్ అని ఉంది. ఇంకా ఆన్‌లైన్‌లో బండి నంబర్ కొడితే ఒక బ్యాంక్ పేరు మీద హైపోథికేషన్ (లోన్ కోసం బండి తాకట్టు) కనపడుతోంది, లోన్ ఎప్పుడో అయిపోయింది, తీయించడం మర్చిపోయా అంటున్నడు. రేటు 6.10కి దిగిండు, నేను 5.60 అన్న.

సియాజ్ సార్ మాత్రం 5.10 నుంచి కదలట్లేదు, క్లచ్ ఇప్పటిదాకా మార్చలేదట.

నిజాంపేట్_నాని:

తయారీ రెండు మూడు నెల్లు ముందుండుడు మామూలే, స్టాక్‌ల నిలబడ్డదన్నట్టు. తయారీ 2016 ఉండి రిజిస్ట్రేషన్ 2017 ఉంటే బేరం చెయ్యాలె, ఇది కాదు. అట్లనే 2017-18 నాటి కొన్ని హోండాలకి ఫ్యూయల్ పంప్ రీకాల్ వచ్చింది, చాసిస్ నంబర్ ఇచ్చి అడుగు, నీ బండి అందుల ఉంటే ఫ్రీగ మారుస్తరు, మార్చిండ్రా లేదా కనుక్కో.

నేను డీజిల్ వద్దన్న కానీ ఆ సార్ క్లచ్ మార్చి 4.90కి ఇస్తనంటే ఒకసారి ఆలోచించు. ఫైల్ పెట్టుకున్న మనిషి బండి ఊరికె దొరకది.

డీజిల్_మామ:

చూశారా, నిజాంపేట్ కూడా మా దారికి వచ్చాడు 😄 ఐదారేళ్ళు పెట్టుకునేట్టయితే సియాజ్, రెండేళ్ళలో మార్చేస్తా అంటే సిటీ, మళ్ళీ అమ్మేటప్పుడు పెట్రోల్‌కే గిరాకీ, డీజిల్ సెడాన్ అడిగేవాళ్ళు తగ్గిపోయారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

పాతబండ్ల_పిచ్చోడు:

కాగితం చూపించాడు కాబట్టి ఇప్పుడు ఆ 42 వేలకి విలువ ఉంది, మొదట్లో అన్నట్టు కొట్టిపారెయ్యక్కర్లేదు. 6.10 లోంచి టైర్లు పాతిక, లింక్ రాడ్లు ఒక సర్వీస్ కలిపి ఏడెనిమిది వేలు తీసెయ్, 5.75 దగ్గరకి వస్తుంది. ఇన్సూరెన్స్ అమ్మేవాడే కట్టిస్తే 5.85 దాకా వెళ్ళు, నువ్వు కట్టుకునేట్టయితే 5.75 దాటకు.

హైపోథికేషన్ మాత్రం తేలిగ్గా తీసుకోకు. బ్యాంక్ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే లెటర్), ఫారం 35 (తాకట్టు తీసేసే ఫారం) తెచ్చి ఆర్టీఏలో తీయించాకే నీ పేరు మీదకి ట్రాన్స్‌ఫర్ అవుతుంది, ఎన్‌వోసీ ఎప్పుడో తీసుకున్న పాతదైతే మళ్ళీ కొత్తది తెమ్మంటారు, ఆ తిరుగుడు వాడే తిరగాలి. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, అడ్వాన్స్ పదివేలు మించకుండా అకౌంట్‌లోనే వెయ్యి, మిగతాది ఆన్‌లైన్‌లో బ్యాంక్ పేరు పోయిందని చూశాక. పెండింగ్ చలాన్లు నంబర్ కొట్టి చూసి వాడితోనే కట్టించు. బండి తెచ్చుకునే రోజు డెలివరీ నోట్ మీద తారీఖు మాత్రమే కాదు టైం కూడా రాయించు, అదే రోజు పొద్దున వాడు ఎక్కడైనా సిగ్నల్ జంప్ చేసుంటే చలాన్ ఎవరిదో తేలాలి కదా. ఇవన్నీ చేస్తా అంటే సిటీ తీసుకో, ఏ ఒక్కదానికి సణిగినా సార్ దగ్గరికి వెళ్ళి క్లచ్ సంగతి మాట్లాడు.